క్లచ్ మేడం కారుకు ఇంజిన్ కుదిరిన వైనం

ఆ ఊళ్ళో కారు నడపడం వచ్చినవాళ్ళలో సగం మందికి ఎడమకాలు ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు వదలాలో నేర్పింది ఆవిడే. "క్లచ్! క్లచ్ తొక్కు! అది బ్రేకు నాయనా, దాని పక్కది!" అని ఆవిడ వేసే కేక కారు అద్దాలు దాటి వీధి చివరి చెప్పుల షాపు దాకా వినిపించేది. అలా క్లచ్ మేడం అన్న పేరు ఖాయమైపోయింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఆవిడ బతుకంతా డ్రైవరు పక్క సీట్లోనే గడిచింది. ఆ సీటు కింద ఆవిడకంటూ ఒక బ్రేకు, ఒక క్లచ్ విడిగా ఉండేవి. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతుంటే, ఆవిడ వాళ్ళ మొహం చూసే ఏ క్షణంలో ఏ తప్పు చేయబోతున్నారో పసిగట్టేది. మంగలి షాపు మెట్లెక్కించబోయినవాళ్ళను, ఎదురుగా బస్సు వస్తుంటే కళ్ళు మూసుకున్నవాళ్ళను అందరినీ ఒంటి కాలితో కాపాడింది. అన్నేళ్ళలో ఆవిడ డ్రైవింగ్ స్కూలు కారు గంటకు నలభై కిలోమీటర్లు దాటి పోయింది బహు అరుదు.

అరవైకి దగ్గర పడ్డాక స్కూలు తన దగ్గర పనిచేసే ఒకామెకు అప్పగించి, ఇక ఇంటి పట్టున ఉంటానంది. ఆవిడ భర్త లోలోపల సంతోషించాడు. ఆయనది కాటాల రిపేరు. బంగారం తూచే చిన్న త్రాసు దగ్గర్నుంచి లారీలు ఎక్కే పెద్ద కాటా దాకా, బరువు తప్పు చూపించే యంత్రం ఏదైనా ఆయన చేతిలో పడితే నిజం చెప్పి తీరాల్సిందే. మాట మాత్రం చాలా పొదుపు. ఇద్దరూ ఇక తీరిగ్గా టీ తాగుతూ కూర్చోవచ్చనుకున్నాడు.

వారం తిరక్కుండానే ఇంటి ముందు లారీ ఆగింది. లారీ మీద తాళ్ళతో కట్టిన ఒక కారు ఉంది. పొడవాటి ముక్కు, పైకప్పు లేదు, ఇద్దరే కూర్చునే చోటు, వెనక పొట్టిగా ముగిసిన తోక.

"ఏమిటిది?" అన్నాడాయన.

"కారండీ."

"కనిపిస్తూనే ఉంది. ఇంజినేది?"

"అదే కొనాలి," అంది ఆవిడ, ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినంత మామూలుగా.

దాని వెనక కథ ఉంది. ఆవిడ తండ్రి పెట్రోలు బంకులో పనిచేసేవాడు. చిన్నప్పుడు నాన్నకు అన్నం క్యారేజీ తీసుకెళ్ళినప్పుడు ఒకసారి అలాంటి కారు బంకులోకి వచ్చి ఆగింది. నడుపుతున్నది ఒకామె. తలకు గుడ్డ కట్టుకుని, మోచేయి తలుపు మీద ఆనించి కూర్చుంది. ఎవరో ఏమిటో తెలీదు. పెట్రోలు పోయించుకుని మలుపు తిరిగి మాయమైపోయింది. ఆ కారు వెళ్ళిన దారినే చూస్తూ నిలబడి, నాన్న అన్నం చల్లారబెట్టినందుకు ఆ పిల్ల చీవాట్లు తింది. అలాంటి అసలు కార్లు ఇప్పుడు ప్రపంచంలో కొన్నే మిగిలాయి. అవి కోటీశ్వరుల గాజు గదుల్లో ఉంటాయి. కానీ వాటికి అచ్చుగుద్దినట్టు నకలు తయారుచేసే వర్క్‌షాపు ఒకటి ఎక్కడో మూతపడుతుంటే, చివరగా మిగిలిన ఫ్రేమూ బాడీ ఆవిడ తెచ్చేసుకుంది. ఫ్రేముకు చక్రాలున్నాయి, స్టీరింగు ఉంది, బ్రేకులున్నాయి. ఇంజిను ఉండాల్సిన చోట మాత్రం పిల్లి పడుకునేంత ఖాళీ ఉంది. మర్నాడే పక్కింటి పిల్లి వచ్చి పడుకుంది కూడా.

ఆవిడకు ఒక్కడే తమ్ముడు. రైలు గోదాముల వెనక రేకుల షెడ్డు వేసుకుని ఇంజిన్లు బాగుచేస్తాడు. పనిలో మొనగాడు, కోపం ముక్కు మీదే. కారు అక్కడికి చేరగానే చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, బానెట్ మీద చేయి వేసి తేల్చేశాడు.

"అక్కా, దీనికి ఎనిమిది సిలిండర్లది పడాలి. అసలు దానికి ఉన్నది అదే. ఇంకోటి పెడితే పులికి పిల్లి గుండె పెట్టినట్టే."

చెప్పడమే కాదు, ఎక్కడో పాత పెద్ద కారు ఒకటి తుక్కుకు పోతోందని తెలుసుకుని దాని ఇంజిను తెచ్చేశాడు. షెడ్డు మధ్యలో ఇనప స్టాండుకు బిగించి, డబ్బాతో పెట్రోలు అందించి స్టార్టు చేశాడు. అబ్బ, ఏం చప్పుడది! పైన రేకులు దడదడలాడాయి. గోడ మీది స్పానర్లు ఊగాయి. వీధిలో పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి లోపలికి వచ్చారు. టీ కొట్టు ఆయన కెటిల్ చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. క్లచ్ మేడం మనసు కూడా జారింది, దాచడం ఎందుకు! అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా ఆ మోత పాకుతుంటే, కళ్ళ ముందు తలగుడ్డ కట్టుకున్న ఆమె మెదిలింది.

"ఏమంటావు?" అన్నాడు తమ్ముడు, గెలిచినవాడిలా.

ఆవిడ 'సరే' అనబోయింది. అప్పుడు వెనక నుంచి భర్త గొంతు సవరించుకున్నాడు.

"ఒకసారి తూచి చూద్దామా?"

"ఇంజిన్ని తూచడమేంటి బావా, టమాటాలా?" అని తమ్ముడు నవ్వాడు. నవ్వినా అడ్డు చెప్పలేదు. బావ ఆ మాత్రం నోరు విప్పడమే ఎక్కువ.

మర్నాడు ఆయన నాలుగు బల్ల కాటాలు తెచ్చి కారు చక్రాల కింద ఒక్కొక్కటి పెట్టాడు. ఇంజిన్ బరువుకు సమానంగా ఇసక బస్తాలు కట్టించి ఇంజిన్ చోట వేలాడదీయించాడు. డ్రైవరు సీట్లో భార్యను కూర్చోబెట్టాడు. ముందరి కాటాల ముళ్ళు సర్రున పోయి ఆగాయి. వెనకవి ఏదో మొహమాటానికి కదిలినట్టు కదిలాయి.

"ముక్కు బరువు," అన్నాడాయన.

"ముక్కు బరువైతే ఏం? ఆ లాగుడు చూడు. రోడ్డు చుట్ట చుట్టుకొస్తుంది!" అన్నాడు తమ్ముడు.

క్లచ్ మేడానికి ఇంజిన్ల సంగతి అంతంత మాత్రమే తెలుసు. కారు నడక మాత్రం కాళ్ళకూ చేతులకూ తెలుసు. అందుకని మాటలతో తేల్చుకోకుండా, అలాంటి ఇంజినే ఉన్న పెద్ద కారు ఒకటి తమ్ముడి ఖాతాదారు దగ్గర్నుంచి అడిగి తీసుకుంది. ఊరి వెనక మంచినీళ్ళ చెరువు దాటాక కొండ మీది సిగ్నల్ టవర్ దాకా ఒక రోడ్డుంది, అంతా మెలికలే. తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోడ్డెక్కింది.

తిన్నటి దారిలో ఆ కారు ఏనుగు తరిమినట్టు పోయింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. మొదటి మలుపు వచ్చింది. ఆవిడ స్టీరింగు తిప్పింది. కారు ముందు వినలేదు. ముక్కు దారిన ముక్కు పోతూ, ఆలోచించుకుని, పెద్దమనిషి తప్పనిసరై లేచినట్టు బరువుగా తిరిగింది. రెండో మలుపులోనూ అదే తంతు. పైకి చేరేసరికి ఆవిడ భుజాలు లాగేశాయి.

"ఇది నాకొద్దురా," అంది ఇంజిన్ ఆపి.

"ఎందుకని?"

"మన ఊళ్ళో తిన్నటి రోడ్డు ఎక్కడుంది చెప్పు? నేను మలుపులు తిరగాలి. ఇది నా మాట వినదు. వినిపించుకోడానికి నేను దీనితో కుస్తీ పట్టాలి. కుస్తీ చాలా పట్టాను, ఇన్నేళ్ళూ జనంతో."

తమ్ముడి మొహం మాడిపోయింది. "చప్పుడు విని నువ్వు పడిపోయావు కదక్కా!"

"పడ్డాను. చెవులకు నచ్చింది. చేతులకు నచ్చలేదు."

దారంతా వాడు కిటికీలోంచి బయటికే చూశాడు. షెడ్డు దగ్గర దిగి, "నీ ఇష్టం వచ్చింది పెట్టుకో, నన్ను మాత్రం పిలవకు," అని రేకు తలుపు ధడాలున వేసుకున్నాడు. ఆ ఇంజిన్ని నెల తిరక్కుండా ఊళ్ళో పెట్రోలు బంకుల యజమానికి అమ్మేశాడు. ఆయన దగ్గరా అలాంటి నకలు కారే ఒకటి ఉంది. మోటర్ క్లబ్బు పెట్టిందీ ఆయనే. అక్కతో మాటామంతీ బంద్.

తమ్ముడి కూతురికి మాత్రం ఆ బంద్ వర్తించలేదు. ఆ అమ్మాయి కరెంటు బస్సుల డిపోలో ఇంజినీరు. ఒకరోజు సాయంత్రం డ్యూటీ నుంచి నేరుగా మేనత్త ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే మొదలెట్టింది.

"అత్తా, ఇంజినే ఎందుకు? మోటారు పెట్టు. బ్యాటరీలు కింద పరుచుకుంటే మామయ్య కాటాలు కూడా మెచ్చుకుంటాయి. పొగ లేదు, మోత లేదు, తొక్కగానే దూకుతుంది."

"నీ కరెంటు కారు తీసుకురా, చూద్దాం," అంది అత్త.

అదే కొండ రోడ్డు. ఈసారి పక్కన మేనకోడలు. కాలు ఆనించీ ఆనించకుండానే కారు ఎవరో వెనక నుంచి తోసినట్టు పోయింది. చెట్లు చప్పుడు లేకుండా వెనక్కి జారిపోయాయి. మలుపుల్లో నేలకు అతుక్కుని తిరిగింది. పైకెక్కాక క్లచ్ మేడం కారు ఆపింది.

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది. మీ నాన్న చెప్పినదానికంటే ఇదే జోరుగా పోతుంది, నిజం చెప్పాలంటే."

"మరింకేం?"

ఆవిడ తన ఎడమకాలి వంక చూసుకుంది. దారి పొడుగునా ఆ కాలు ఊరికే కూర్చుంది, పని లేని చుట్టంలాగా.

"దీనికి క్లచ్ లేదే తల్లీ," అంది. "నాకు గేర్లు మార్చాలని ఉంది. ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళందరిచేతా మార్పించాను. నా అంతట నేను, నా ఇష్టం వచ్చినప్పుడు, నా ఇష్టం వచ్చినంత వేగంలో ఒక్క గేరు మార్చింది లేదు. ఇది మంచి బండే. నా బండి కాదు."

మేనకోడలు నవ్వింది. "క్లచ్ మేడం కారుకు క్లచ్ లేకపోతే జనం ఏమంటారు, అదీ నిజమే."

అలా రెండు సంబంధాలూ తప్పిపోయాయి. వానాకాలం వచ్చింది. కారు ఇంటి వసారాలో టార్పాలిన్ కప్పుకుని పడుంది. చుట్టుపక్కల వాళ్ళు తలా ఒక సలహా ఇచ్చారు. స్కూలు కారుదే తీసి పెట్టమన్నారు కొందరు. ఆవిడ ఒప్పుకోలేదు. "దాని బతుకంతా తన్నులే. ఇప్పటికైనా దాన్ని వదిలెయ్యండి," అంది. డెలివరీ వ్యానుది పెట్టమన్నారు ఇంకొందరు. అదీ ఈ కారులాగే వెనక చక్రాలను తిప్పేదే, సరిపోతుంది కూడా. కానీ ఆవిడ నడిపి చూస్తే బస్తాలు మొయ్యడానికే పుట్టినట్టుంది, పరుగంటే మూలుగుతుంది. ఎవరేం చెప్పినా ఆవిడ కొండ రోడ్డెక్కి చూడందే మాట ఇవ్వలేదు. పట్టిన పట్టు విడవని మనిషని పేరు ఉండనే ఉంది. ఇప్పుడు దానికి తోడు 'ఇంజిన్ల పెళ్ళిచూపులావిడ' అని ఇంకో పేరు తగిలించారు.

ఆవిడ పూర్వ శిష్యుల్లో తుక్కు యార్డు నడిపే ఆయన ఒకడున్నాడు. నేర్చుకునే రోజుల్లో కారు ముందుకు పోనిమ్మంటే వణికేవాడు గానీ, వెనక్కి మాత్రం కళ్ళకు గంతలు కట్టినా తీసుకెళ్ళేవాడు. అందుకని అందరూ ఆయన్ని రివర్సు అనేవాళ్ళు. ఒక పొద్దున ఆ రివర్సు దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"మేడం, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి లారీ ముద్దు పెట్టుకుంది. మనుషులకు ఏం కాలేదు. తోక పచ్చడైంది. ముందు భాగం మీద గీత కూడా పడలేదు. నాలుగు సిలిండర్లే. చూస్తారా?"

ఆవిడ భర్తను వెంటబెట్టుకుని వెళ్ళింది. యార్డు నిండా చచ్చిన కార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, మధ్యలో సందులు, సందుల్లో వాన నీళ్ళు. ఆ చిన్న కారు డిక్కీ మూత సగం ఊడి వేలాడుతూ, వెనక నుంచి చూస్తే జాలేసేలా ఉంది. చక్రాలు మాత్రం నాలుగూ తిరుగుతున్నాయి.

"నడపొచ్చా?" అంది ఆవిడ.

రివర్సు తెల్లబోయాడు. "ఇక్కడా? మేడం, ఇక్కడ సందుల్లో నేనే నడిచి పోవడానికి భయపడతాను."

"నువ్వు భయపడనిది ఎప్పుడు? తాళం ఇవ్వు."

సీట్లో కూర్చుని తాళం తిప్పింది. పెద్ద మోతేమీ లేదు. గొంతు సరిచేసుకున్నట్టు చిన్నగా గుర్రుమంది. ఆవిడ యాక్సిలరేటర్ మీద వేలు పెట్టినంత తేలిగ్గా కాలు పెట్టింది. ఇంజిన్ వేగం చూపే ముల్లు చివ్వున లేచింది. తీసింది. వెంటనే దిగింది. మళ్ళీ తొక్కింది. ఎంత తొక్కితే అంత, ఎప్పుడు వదిలితే అప్పుడు. గేరు కర్ర పొట్టిగా, లైటు స్విచ్చంత తేలిగ్గా టక్కుమని పడింది. ఆవిడ పెదవుల మీద నవ్వు మొలవడం బయట నిలబడ్డ భర్త చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

కారు కదిలింది. చచ్చిన బస్సును చుట్టి, టైర్ల గుట్టను చుట్టి, నీళ్ళు చిమ్ముకుంటూ రెండో గేరులో మధ్య సందులోంచి దూసుకొచ్చి, మళ్ళీ అటు తిరిగింది. వెనక డిక్కీ మూత టపటపా కొట్టుకుంటోంది. పనివాళ్ళు గునపాలు పక్కన పడేసి గోడెక్కారు. రివర్సు చేతులు నెత్తిన పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం లైసెన్సు పరీక్షలో ముగ్గు గీతల మధ్య వేయించే ఎనిమిది అంకెను, ఆ తుక్కు గుట్టల చుట్టూ, తగలకుండా, ఆగకుండా, మళ్ళీ మళ్ళీ వేసింది. కారు ఆవిడ అడక్కముందే తిరిగినట్టుంది. తిప్పుతుంటే చేతుల్లో బరువు లేదు. భుజాల్లో పట్టు లేదు. గొంతులోంచి తనకు తెలియకుండానే ఒక కేక వచ్చింది. అది మాత్రం 'క్లచ్' కాదు. ఉత్త సంతోషం.

ఆపి దిగేసరికి చీర కుచ్చిళ్ళు బురద, మొహం బురద, కళ్ళు దీపాలు.

"ఇదేనండీ," అంది భర్తతో.

"ఎంత బరువుంటుందో చూడాలి," అన్నాడాయన.

"చూడండి. బరువెంతైనా ఇదే."

తూచారు. ఎనిమిది సిలిండర్ల దాంట్లో సగానికి కాస్తే ఎక్కువ తూగింది. ఆయన కాటా ముల్లును వేలితో తట్టి, భార్య వంక చూసి, పెళ్ళయిన కొత్తలో లాగా నవ్వాడు.

ఇక బిగించాలి. ఊళ్ళో మెకానిక్కులు ఇంకా ఉన్నారు, పిలిస్తే వస్తారు. కానీ ఆవిడ నేరుగా రేకుల షెడ్డుకు వెళ్ళింది. తమ్ముడు ఒక కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఒరేయ్."

కాళ్ళు ఇంకాస్త లోపలికి జరిగాయి.

"ఇంజిన్ దొరికిందిరా."

"విన్నా," అంది కారు కిందనుంచి గొంతు. "కుట్టుమిషనుకు పెట్టే ఇంజినంట కదా."

"నీది ఎనిమిది సిలిండర్లు. నేను నాలుగుతోనే ఎనిమిది వేశాను, రివర్సు యార్డులో. కావాలంటే వాణ్ణి అడుగు."

కాళ్ళు కొంచెం ఊగాయి. లోపల నవ్వు ఆపుకుంటున్నాడని ఆవిడకు తెలుసు. చిన్నప్పటి నుంచీ అంతే, వాడికి కోపం పోయేముందు కాళ్ళు ఊగుతాయి.

"నువ్వు కాదంటే గాంధర్వం చేసుకోవాలి. పుట్టింటి వాళ్ళు లేకుండా ఇంజిన్ ఎలా దించేది?" అంది.

తమ్ముడు చక్రాల బల్ల మీద జారుకుంటూ బయటికి వచ్చాడు. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "ముందు చూడనీ. చెత్తదైతే చెత్తదనే అంటాను," అన్నాడు.

చూశాడు. చెత్తదని అనలేదు. "వెనక్కి జరిపి పెట్టాలి, ముందరి ఇరుసుకు జానెడు ఇవతల," అని సుద్దముక్కతో ఫ్రేము మీద గీత గీశాడు. అంటే పని ఒప్పుకున్నట్టే. ఇంజిన్ కూర్చోడానికి ఇనప చెవులు తానే కోసి, తానే వెల్డింగు చేశాడు. వేరే ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. చైన్‌బ్లాకు గొలుసుతో ఇంజినూ గేరుబాక్సూ కలిపి దించిన రోజున అది జేబులో రుమాలు పెట్టినంత సుళువుగా కూర్చుంది. బానెట్ మూశారు. మూత పడింది, సుత్తి దెబ్బ లేకుండా, రంపం కోత లేకుండా.

కానీ తాళం తిప్పితే గిరగిరా తిరగడమే గానీ అంటుకోదు. తమ్ముడు ప్లగ్గులు విప్పాడు, పెట్రోలు గొట్టాలు ఊదాడు, ఇంజిన్ను బతిమాలాడు, తిట్టాడు. చివరికి కూతురికి ఫోను చేశాడు. ఆ అమ్మాయి డిపో యూనిఫాంలోనే వచ్చి, ల్యాప్‌టాప్ తగిలించి చూసింది.

"నాన్నా, ఇది దొంగ అనుకుంటోంది నిన్ను."

"నన్నా!"

"దీని బుర్ర పాత కారు తాళాన్ని గుర్తుపడుతుంది. ఆ తాళం దూర్చే కన్నం చుట్టూ ఉండే రింగు యార్డులోనే వదిలేశారు. అది లేందే ఎవరొచ్చినా దొంగే."

రివర్సు దగ్గర్నుంచి ఆ రింగు తెప్పించి, ఆ అమ్మాయి వైర్లు కలిపి, "ఇప్పుడు తిప్పు అత్తా," అంది. ఒక్క తిప్పుకే అంటుకుంది. షెడ్డులో నలుగురూ ఒకర్నొకరు చూసుకుని, ఎవరు ముందు మొదలెట్టారో గానీ, చిన్నపిల్లల్లా అరిచారు. భర్త కాటాలు తెచ్చి నాలుగు చక్రాల కిందా పెట్టాడు. ముందూ వెనకా ముళ్ళు అటూ ఇటూ ఊగి ఒకే చోట ఆగాయి. ఆయన జీవితంలో ఎన్నో ముళ్ళను సరిచేశాడు. ఈ ముళ్ళను మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, వంగి, మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు.

కారుకు ఆకుపచ్చ రంగు వేయించారు. చలికాలం వెళ్ళేసరికి మోటర్ క్లబ్బు వాళ్ళ కొండెక్కే పోటీ వచ్చింది. రోజంతా రోడ్డు మూసేస్తారు. ఒక్కొక్క కారే కింద చెరువు దగ్గర్నుంచి పైన టవర్ దాకా వెళ్ళాలి. ఎవరు తొందరగా చేరితే వాళ్ళది గెలుపు. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు. క్లచ్ మేడం పోటీలో ఉందని తెలియగానే ఊరు ఊరంతా దారి పక్కన గట్ల మీద చేరింది. వాళ్ళలో ముప్పాతిక మంది ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళే. బయల్దేరే గీత దగ్గర ఆవిడ కారు ఆగగానే కుర్రకారు, పెద్దవాళ్ళు, బ్యాంకు మేనేజరు, పళ్ళ డాక్టరు అందరూ ఒక్క గొంతుతో "క్లచ్! క్లచ్ తొక్కండి మేడం!" అని ఎలుగెత్తారు. ఇన్నేళ్ళ కసి తీర్చుకున్నారు. ఆవిడ నవ్వాపుకోలేక చేయి ఊపింది.

మొదటిసారి ఎక్కింది. శుభ్రంగా, నున్నగా, ఎక్కడా తప్పు లేకుండా ఎక్కింది. పైన చూస్తే మధ్యరకం వేగం. బంకుల యజమాని ఎనిమిది సిలిండర్ల కారు కొండంతా దద్దరిల్లేలా మోత పెట్టి ఆవిడ కంటే చాలా ముందే చేరింది. తమ్ముడు ఆ మోత విని ఏమీ అనలేదు. అనకపోవడమే ఆవిడకు గుచ్చుకుంది.

కిందికి వచ్చాక భర్త దగ్గరికి వచ్చాడు. ఆయన పోటీ అంతా మధ్య మలుపు దగ్గర నిలబడి చూశాడు.

"బాగా నడిపావు," అన్నాడు.

"బాగా నడిపితే మధ్యలో ఎందుకున్నాను?"

ఆయన కారు వెనకున్న ఎర్ర బ్రేకు దీపం మీద వేలితో తట్టాడు. "మలుపు దగ్గర నీ వెనక ఎర్రదీపం రెండుసార్లు వెలిగింది. మొదటిది నీ కోసం. రెండోది ఎవరి కోసం? పక్క సీటు ఖాళీ కదా."

ఆవిడ తిరిగి చూసింది. నిజమే, పక్క సీటు ఖాళీ. కాపాడాల్సిన మనిషి అక్కడ ఎవరూ లేరు. కళ్ళు మూసుకునేవాళ్ళు లేరు, బ్రేకనుకుని ఇంకోటి తొక్కేవాళ్ళు లేరు. ఉన్నది తనొక్కతే. తనకు నడపడం వచ్చు. ఆ సంగతి ఎవరికైనా తెలుసంటే తనకే తెలియాలి.

రెండోసారి గీత దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ జడ ముడి వేసుకుని గట్టిగా బిగించింది. జెండా దిగింది. మొదటి గేరు, రెండు, మూడు. ఎడమకాలు ఎన్నేళ్ళో ఎదురుచూసిన పని దొరికినట్టు చకచకా ఆడింది. మొదటి మలుపులో ఒక్కసారే బ్రేకు, గేరు దించడం, చక్రం తిప్పడం, మళ్ళీ తొక్కడం. కారు ముక్కు గాలిలో తేలినట్టు లోపలికి తిరిగింది. ఇంజిన్ గొంతు సన్నగా, గట్టిగా పైకి లేచింది. మోత కాదది, పాటలో పై స్థాయి అందుకున్నట్టుంది. రెండో మలుపు, దాని వెనకే మెలిక. అటూ ఇటూ గట్ల మీద జనం రంగుల చారల్లా కనబడ్డారు. మధ్య మలుపు దగ్గర ఎర్రదీపం ఒక్కసారే వెలిగింది. అక్కడ నిలబడ్డ కాటాల ఆయన తన టోపీ తీసి గాలిలోకి విసిరేశాడు. అది పక్కావిడ బుట్టలో పడ్డా వెతుక్కోలేదు.

పైన గీత దాటి ఆపింది. కాళ్ళు నేల మీద పెడితే నేల కూడా కారులాగే తేలిగ్గా ఉంది. మైకులో ఎవరో ఏదో చెప్పారు, వినబడలేదు. కింద నుంచి అల కొట్టినట్టు కేకలు రావడం మాత్రం వినబడింది. బంకుల యజమానిని రెప్పపాటు తేడాతో దాటింది ఆవిడ. ఆ రోజంతటిలో ఆవిడ కంటే తొందరగా కొండెక్కినవాళ్ళు లేరు.

బంకుల యజమాని మనసున్న మనిషి. తానే ముందుగా వచ్చి, "మేడం, ఒక్కసారి బానెట్ ఎత్తండి. అనుమానం తీర్చుకోవాలి," అన్నాడు. ఎత్తింది. ఆయన లోపలికి తొంగిచూశాడు. ఇంజిన్ చుట్టూ చేయి పెట్టి తిప్పేంత చోటు మిగిలి ఉంది.

"ఇంతేనా!"

"ఇంతేనండీ," అంది ఆవిడ.

ఆయన పెద్దగా నవ్వేసి, గెలుపు కప్పు ఆవిడ చేతిలో పెట్టాడు. మేనకోడలు వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. రివర్సు ఎక్కడి నుంచో తోసుకుంటూ వచ్చి, "మా యార్డుదే, మా యార్డుదే," అని కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక చెరువు గట్టు మీద ఆకుపచ్చ కారు చుట్టూ జనం మూగారు. మధ్యలో తమ్ముడు బానెట్ మీద చేయి ఆనించి నిలబడి, వచ్చినవాళ్ళకల్లా ఇంజిన్ ఎంపిక గురించి ఏకరువు పెడుతున్నాడు.

"అందరూ పెద్ద ఇంజిన్ అంటారండీ. తెలియక. బరువు ముందు పడితే మలుపులో మొండికేస్తుంది. చిన్నదైతే చాలు, తేలిగ్గా ఉండాలి, ముందరి ఇరుసుకు జానెడు ఇవతల కూర్చోవాలి. నేను మొదట్నుంచీ ఇదే మొత్తుకున్నాను."

వెనక నిలబడ్డ బావకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. కూతురు నోటికి చేయి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. తమ్ముడు మాట ఆపి, అక్క వంక కొంచెం బెదురుగా చూశాడు.

క్లచ్ మేడం గెలుచుకున్న కప్పులో పోసుకున్న టీ ఒక గుక్క తాగింది.

"అవునండీ," అంది జనంతో. "వాడు అంత పోరు పెట్టబట్టే కుదిరింది."